తొమ్మిదో నంబరు వెనకాల

ఆ ఏడాది డిపోలో ఖాళీ అయింది ఒకే ఒక్క పర్మనెంటు డ్రైవరు పోస్టు. పది పోస్టుల్లో ఒకటి సైన్యం నుంచి వచ్చినవాళ్ళకు ఇవ్వాలని రూలు. వరసలో ఆ పదోది సరిగ్గా ఇదే అయింది. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద, ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ బస్సు ఎక్కుతూ, ఈసారి తప్పకుండా నాదే అనుకుని కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు అదే డిపోలో పనిచేసే కండక్టరమ్మ తమ్ముడు. అతని నోట్లో మన్ను కొట్టినట్టయింది.

పోస్టులోకి వచ్చినాయనకు నలభై మూడేళ్ళు. సైన్యంలో పద్దెనిమిదేళ్ళు లారీ నడిపాడు. తమ్ముడికి ముప్పై ఆరు నిండడానికి ఇంకో నెల ఉంది. మామూలు వాళ్ళకు ముప్పై ఏడు నిండితే పర్మనెంటు ఆశ వదులుకోవాల్సిందే. సైన్యం వాళ్ళకు మాత్రం అక్కడ పనిచేసిన ఏళ్ళను వయసులోంచి తీసేస్తారు.

"అంటే ఆయనకిప్పుడు ఇరవై అయిదేళ్ళన్నమాట. నాకంటే చిన్నోడు. ఒరేయ్ తమ్ముడూ అని పిలవాలి కాబోలు," అన్నాడు తమ్ముడు మెకానిక్ షెడ్డులో. అందరూ పగలబడి నవ్వారు. నవ్వి ఎవరి పానాలు వాళ్ళు తీసుకుని బస్సుల కిందికి దూరారు. తమ్ముడు ఒక్కడే కాసేపు అక్కడ నిలబడి, నవ్వు మొహం తీసేయడం మర్చిపోయినట్టు అలాగే బయటికి వెళ్ళాడు.

ఒక్క దారి మిగిలింది. కొత్త డ్రైవరుకు ఆరు నెలల ప్రొబేషన్. ఆ లోపల పనికిరాడని తేలితే పోస్టు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి పోతుంది. మొదటివాడు తమ్ముడే.

డిపో ఆయనకు మిలట్రీ అని పేరు పెట్టింది. మిలట్రీకి జోడీగా పద్నాలుగో నంబరు బస్సులో కండక్టరమ్మను వేశాడు మేనేజరు. కావాలని కాదు. ఎవరు ఎవరికి అక్కో ఆయనకు పట్టదు, డ్యూటీ చార్టులో గడి నిండితే చాలు. ప్రొబేషన్‌లో ఉన్న డ్రైవరు ఎలా నడుపుతున్నాడో రోజూ ట్రిప్ షీటులో రాయాల్సింది కండక్టరే. అలా తమ్ముడి బతుకు అక్క పెన్ను మొనకొచ్చి కూర్చుంది.

కూర్చుందే గానీ కదలడం లేదు. మిలట్రీ రాయడానికి ఒక్క తప్పు కూడా దొరకనివ్వడు. డ్యూటీకి గంట ముందే వస్తాడు. ఆరు టైర్లనూ కాలితో తన్ని చూస్తాడు. అద్దాలు తుడుస్తాడు, తుడిచిన గుడ్డ ఉతుకుతాడు, ఉతికిన గుడ్డ మడత పెడతాడు. ముందు బండిని దాటడు, హారన్ కొట్టడు. "ఈ బస్సులో ఉద్యోగానికి బయల్దేరినోడు పింఛనుకి చేరతాడు," అని ప్రయాణికులు గొణుక్కునేవాళ్ళు. గొణుగుడు రాయడానికి షీటులో గడి లేదు. అయిదు నెలల నుంచి కండక్టరమ్మ రోజూ 'సరిగా ఉంది' అని రాస్తోంది. రాసిన ప్రతిసారీ అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టుండేది.

ఒక సాయంత్రం తమ్ముడు ఆమె ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ తలుపు దాకా వచ్చి, "ఇరవై మూడు రోజులు అక్కా," అన్నాడు. "అవి దాటాయంటే ఇక ఆయన్ని క్రేను పెట్టి లాగినా కదపలేరు."

"నాకు తెలీదా."

"నువ్వు ఏదో ఒకటి రాయొచ్చుగా."

"ఏం రాయమంటావు? టైర్లు మరీ ఎక్కువగా తంతున్నాడనా?"

"నువ్వు జోకులెయ్యి. ఎనిమిది నెలలు పోతే నేను ముసలోణ్ణి. నిన్న పిల్ల అడుగుతోంది, నాన్నా నీది నిజం ఉద్యోగమా, ఉత్తుత్తి ఉద్యోగమా అని. ఎవరి దగ్గర విందో."

ఆ మాట తెల్లారేదాకా కండక్టరమ్మను పక్క మీద ఇటూ అటూ దొర్లించింది.

మర్నాడు పొద్దున్నే జోరు వాన. అయిదూ నలభైకి డిపో గేటు తెరిస్తే బస్సులు వరసగా బయటికొస్తాయి. మూడు రోడ్ల కూడలి దాకా అన్నిటిదీ ఒకటే దారి. మామూలుగా పద్నాలుగే ముందుంటుంది. ఆ రోజు గేటు దగ్గర తొమ్మిదో నంబరు అడ్డంగా నిలిచి ఉండడంతో దాన్ని ముందు పంపించారు. దాని వెనక బంపరు మొన్ననే సొట్ట తీసి తెల్లరంగు వేశారు. వాన చీకట్లో ఆ తెల్లటి పట్టీ ఒక్కటే కనబడుతోంది.

కూడలిలో తొమ్మిదో నంబరు కుడికి తిరిగి మిల్లుల వైపు పోయింది. పద్నాలుగు ఎడమకు తిరిగి పెద్దాసుపత్రికి పోవాలి. పద్నాలుగు కూడా ఆవు వెనక దూడలా కుడికే తిరిగింది.

కండక్టరమ్మ చెయ్యి బెల్లు తాడు మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగింది.

ఒక్క బెల్లు కొడితే ఆయన బ్రేకు వేస్తాడు, వెనక్కి తీస్తాడు, రెండు నిమిషాల్లో దారిలో పడతాడు. సాయంత్రం షీటులో మళ్ళీ 'సరిగా ఉంది'. ఇరవై రెండు రోజులు, ఇరవై ఒకటి, ఇరవై. చూసేవాళ్ళకు ఆమె కుదుపులకు పడిపోకుండా తాడు పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. బస్సులో ఇరవై ఏడు మంది. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి, ఎవరికీ బయట ఏముందో కనబడదు.

పిండి మిల్లు స్టాపులో తొమ్మిదో నంబరు ఆగింది. దాని వెనక, కొలిచినట్టు అంతే దూరంలో, పద్నాలుగూ ఆగింది. స్టాపులో గొడుగు వేసుకున్న ఒకాయన పద్నాలుగు బోర్డు వంక నోరు తెరిచి చూశాడు. తొమ్మిది కదిలింది, పద్నాలుగూ కదిలింది. 'ఇంకొక్క స్టాపు, ఎవరో ఒకరు అరుస్తారు, అరిచేది నేను కాకపోతే చాలు,' అనుకుంది కండక్టరమ్మ.

కలప అడితి దగ్గర ఒక నర్సు అద్దాన్ని మోచేత్తో తుడిచింది.

"ఇదేంటి! కలప అడితి! ఏయ్ డ్రైవర్, ఎక్కడికి తీసుకుపోతున్నావయ్యా?"

ఒక్కసారిగా బస్సంతా లేచింది. బ్రేకు పడింది. మిలట్రీ వెనక్కి తిరిగి నర్సును చూశాడు, మళ్ళీ ముందుకు చూశాడు. తెల్ల బంపరు వానలో కలిసిపోయింది.

రోడ్డు ఇరుకు, రెండు పక్కలా కాలవలు. ఆయన వానలోకి దిగి, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసి చూసి, ఎక్కి, మూడు విడతల్లో అంత పొడుగు బస్సునూ తిప్పేశాడు. ఆ పని డిపోలో ఇంకొకరి వల్ల కాదు. తమ్ముడి వల్ల కూడా కాదు. ఆ మాట మనసులోకి వచ్చినందుకు కండక్టరమ్మకు తన మీద తనకే చిరాకేసింది.

ఆసుపత్రికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరారు. కళ్ళకు కట్టుతో ఉన్న ముసలాయన్ని ఆయన కూతురు చెయ్యి పట్టి దించుతూ, డ్రైవరును వదిలేసి కండక్టరమ్మ మీద పడింది. "ఆరున్నరకి రమ్మన్నారు మా నాన్నని. ఇప్పుడు మళ్ళీ లైను చివరికి పోవాలి. డ్రైవరు చూడలేదు సరే, నువ్వు చూడొద్దా? ఏం చేస్తున్నావమ్మా వెనకాల?"

బస్సు ఖాళీ అయ్యాక మిలట్రీ వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. చొక్కా చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సైన్యం లారీలు రాత్రి కాన్వాయ్‌గా వరసలో పోయేటప్పుడు లైట్లు వెయ్యరు మేడం. ముందు బండి ఇరుసుకి తెల్లరంగు పూసి దాని మీద చిన్న దీపం పెడతారు. మనకి లోకమంతా అదే. అది ఎటు పోతే అటు. దారి చూసుకోవడం మొదటి బండోడి పని. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా మొదటి బండి నడపలేదు." చొక్కా అంచు పిండుకున్నాడు. "ఎన్నిసార్లు కొట్టారు?"

"ఏంటి?"

"బెల్లు. ఎన్నిసార్లు కొట్టారు?"

కండక్టరమ్మ టికెట్ మిషన్‌లో కాగితం సరిచేసుకుంటూ తలెత్తకుండా, "ఆ గోలలో ఎవరికి గుర్తుంటుందండీ," అంది.

ఆయన తలూపి, ఎడమ చెవిని వేలితో ఒకసారి తట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆమెకు కాలు నిలవలేదు. టీ కొట్టు దగ్గర చూస్తే ఆయన చేతి గడియారం విప్పి ఎడమ చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, తర్వాత కుడి చెవి దగ్గర, మళ్ళీ ఎడమ. స్టీరింగు ముందు కూర్చుని చెవి పక్కన వేళ్ళతో చిటికెలు వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం డిపోకు వచ్చినప్పుడు మెకానిక్‌ను బస్సు వెనక్కి పంపి బెల్లు కొట్టమన్నాడు.

"ఏంటి మిలట్రీ, మా బస్సుకి చెవి పరీక్షా?" అంటూ మెకానిక్ కొట్టాడు.

"వినబడింది. ఇంజను మోతలో వినబడదేమో. ఉండు." ఇంజను వేశాడు. "కొట్టు."

కొట్టాడు.

"వినబడింది. వానలో వినబడదేమో."

"వానెక్కడి నుంచి తేను నీకు? బకెట్టుతో పొయ్యనా?" అన్నాడు మెకానిక్.

కండక్టరమ్మ స్తంభం చాటున నిలబడి ఇదంతా చూసింది. నోటి దాకా వచ్చిన మాటను సీసాలో నీళ్ళతో పాటు మింగేసింది. నర్సు ఈపాటికి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చే ఉంటుంది. తను ఏమీ చెప్పక్కర్లేదు, రాయక్కర్లేదు. ఊరుకుంటే చాలు, పని దానంతటదే అయిపోతుంది.

డ్యూటీ దిగగానే మిలట్రీ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మేనేజరు ఆమెనూ పిలిచాడు. లోపల మిలట్రీ మడమలు కలిపి నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదే సార్. కూడలిలో తొమ్మిదో నంబరు వెనకాల పోయాను. మేడం బెల్లు కొట్టారు, నాకు వినబడలేదు. సైన్యంలో మూడేళ్ళు ఫిరంగులు లాగే లారీ నడిపాను. ఎడమ చెవి పోయిందని అప్పుడే అనుమానం. మీ డాక్టరు పరీక్షలో పాసయ్యాను గానీ, అది నిశ్శబ్దంగా ఉన్న గది. చెవి వినబడనివాడు అరవై మందిని ఎక్కించుకోకూడదు. నన్ను తీసెయ్యండి."

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకొకడైతే వాన మీదికి తోస్తాడు, లేదా తొమ్మిదో నంబరోడి మీదికి తోస్తాడు. నువ్వేంటయ్యా, సొంత చెవి మీదికి తోసుకుంటున్నావు? మీ మేడం బెల్లు కొట్టిందని ఎలా తెలుసు?"

"వెనకాల ఉన్న మనిషి చూసి కూడా ఊరుకోవడం నేనెప్పుడూ ఎరగను సార్."

మేనేజరు సొరుగులోంచి ఒక ఫారం తీసి కండక్టరమ్మ వైపు తోశాడు. "బెల్లు కొట్టినా డ్రైవరు ఆపలేదు అని రాసి, కింద సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఒక్క నిమిషం సార్, పెన్ను తెచ్చుకుంటా," అంది ఆమె, చొక్కా జేబులో పెన్ను ఉండగానే.

వరండాలో తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. డిపోలో వార్త ఎప్పుడో పాకింది. "సంతకం అడిగాడా? పెట్టావా?"

"నేను బెల్లు కొట్టలేదురా."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. "కొట్టలేదా?"

"కూడలి నుంచి కలప అడితి దాకా తాడు పట్టుకునే నిలబడ్డాను. రెండు స్టాపులు."

"నా కోసమేనా?"

"మరి ఎవరి కోసం."

తమ్ముడు గది తలుపు వంక చూసి దగ్గరికి జరిగాడు. "అయితే ఏంటక్కా? కొట్టావో లేదో ఎవరు చూశారు? ఆయనే కొట్టావంటున్నాడు. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, ఆయన చెప్పిందానికి సంతకం పెట్టు. అంతే."

"పొద్దుట్నుంచీ లేని జబ్బు వెతుక్కుంటున్నాడురా ఆయన. చిటికెలేసుకుంటున్నాడు. ఈ కాగితం పట్టుకుని రేపు ఇంకే ఆఫీసుకెళ్ళినా చెవిటోడనే అంటారు. బస్సే కాదు, రిక్షా కూడా ఇవ్వరు."

"నాకెవరిస్తారు మరి?"

ఆమె జేబులో పెన్ను తడుముకుని లోపలికి వెళ్ళింది.

"నేను బెల్లు కొట్టలేదు సార్. చూశాను. చూసి కూడా కొట్టలేదు."

మేనేజరు ఫారం వెనక్కి లాక్కున్నాడు. మిలట్రీ చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. "కొట్టలేదా?"

"ఒక్కసారి కూడా కొట్టలేదండీ. మీ చెవి బాగానే ఉంది."

మేనేజరు ముందు ఎప్పుడూ కూర్చోని మిలట్రీ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ మొహం చూసి 'పోనీలే, తేలికపడ్డాడు' అనుకుంది కండక్టరమ్మ. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"బస్సులో ఇరవై ఏడు మంది ఉన్నారు మేడం. ఆ కళ్ళ కట్టు పెద్దాయన కూడా."

"తెలుసండీ."

"నా మీద కోపముంటే తిట్టాల్సింది. నడిపేది బాగాలేదని రోజూ రాయాల్సింది. ఊరుకోకూడదు." మేనేజరు వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఈమెతో వెళ్ళను సార్."

"నువ్వు వెళ్ళక్కర్లేదు, ఈమెకే డ్యూటీ లేదు," అన్నాడు మేనేజరు. "పదిహేను రోజులు ఇంట్లో కూర్చో అమ్మా. ఇంక్రిమెంటు సంగతి తర్వాత చూద్దాం. ఇక మిలట్రీ, నీకు ప్రొబేషన్ మూడు నెలలు పొడిగింపు. ఈ పదిహేను రోజులూ దారులన్నీ తెలిసినవాడొకడు పక్కన నిలబడి షీటు రాస్తాడు." చార్టు మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. అందరికీ డ్యూటీలున్నాయి. చివర ఒక్కడు మిగిలాడు. మేనేజరు కిటికీలోంచి కేకేశాడు. "ఒరేయ్, ఇట్రా!"

లోపలికి వచ్చింది తమ్ముడే.

మర్నాడు ఇంట్లో కండక్టరమ్మ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తలుపు తెరిచింది, మూసింది. ఆరింటికి 'కూడలి దాటి ఉంటారు' అనుకుంది. ఆరున్నరకి 'ఆసుపత్రి' అనుకుంది. పదకొండింటి నుంచి వాకిట్లోనే నిలబడింది. రెండింటికి తమ్ముడు వచ్చాడు. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ట్రిప్ షీటు. మొదటి గడులు నిండి ఉన్నాయి. డ్రైవరు తీరు రాసే గడి మాత్రం ఖాళీ.

"మాట్లాడాడా?" అంది కండక్టరమ్మ.

"నాలుగో ట్రిప్పు దాకా నోరు తెరవలేదు. ఆ తర్వాత, మీ అక్క బెల్లు ఎందుకు కొట్టలేదు అని అడిగాడు."

"ఏమన్నావు?"

"నా కోసం అన్నాను. ఇంకేమంటాను."

"దానికాయన?"

"నీ వయసెంత అన్నాడు. చెప్పాను. ఇంకా ఎన్నాళ్ళుంది అన్నాడు. ఎనిమిది నెలలు అన్నాను. ఎనిమిదేనా అన్నాడు. అంతే, గేరు మార్చాడు." తమ్ముడు కాగితం మడత మీద గోటితో గీస్తున్నాడు. "తిట్టుంటే బావుండేదక్కా. తిట్టలేదు. పొద్దున కూడలి వచ్చినప్పుడు నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. చూద్దాం అని ఊరుకున్నా. నీలాగే."

"మరి?"

"ఇవాళా ముందు తొమ్మిదే ఉంది. దాని వంక కూడా చూడలేదు. ఎడమకి తిప్పేశాడు." పెన్ను తీశాడు. మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "సాయంత్రం లోపల ఇవ్వాలి. నువ్వైతే ఏం రాస్తావు?"

"నా పెన్ను పోయిందిగా. నన్నడగకు."

"అడక్క ఎవర్ని అడగను?"

"ఏం జరిగిందో అది రాయి."

"జరిగిందేముంది, బాగానే నడిపాడు."

"అయితే అదే రాయి."

తమ్ముడు ఆ గడి వంక చాలాసేపు చూశాడు. కండక్టరమ్మ చూడలేక లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది. సరిగ్గా రెండు మాటలంతసేపు పెన్ను గరగరలాడింది. ఏం రాశాడో అక్కడి నుంచి కనబడలేదు. దగ్గరికి వెళ్ళలేదు.

"ఇంకా పద్నాలుగు ఉన్నాయి ఇలాంటివి," అన్నాడు తమ్ముడు, సిరా ఆరేదాకా కాగితాన్ని గాలిలో ఊపుతూ. "పద్నాలుగు రోజులు ఆయన పక్కన నిలబడాలి."